ఆచార్య సూరి భగవంతముగారు

సూరి భగవంతముగారు 1909లో కృష్ణాజిల్లా ఆగిరిపల్లి గ్రామమున జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి సి. వి. రామనుగారికి శిష్యులైరి. ఒకే వన్నెగల కాంతిని ద్రవములందు గాని స్ఫటికములందు గాని ప్రసరింపజేసినచో, చెదరిన వెలుగులో కొంత వన్నె మారునని గురువుగారు ఆ యేటనే కనుగొని, 1930లో నోబెల్ బహుమానమందిరి. కాంతికణమునకు ఆత్మభ్రమణము కలదని 1931లో గురుశిష్యులిరువురును ప్రయోగముచే చూపిరి.

అట్టి ప్రయోగశాలను వీడి, భగవంతముగారు 1932లో వాల్తేరు వచ్చిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు అప్పటికి ఆరేండ్ల ప్రాయమే. స్ఫటికమున పరమాణువుల పొందికను గణితముచే పరిశీలించినచో, చెదరిన కాంతిలో ఎన్ని గీతలు కనబడవలెనో ప్రయోగమునకు ముందే లెక్కింపవచ్చునని వీరు నిరూపించి శిష్యులకు బోధించిరి. టి. వేంకటరాయుడుగారితో కూడి ఈ విద్యపై రచించిన గ్రంథమును 1948లో ఆ విశ్వవిద్యాలయమే ప్రకటించెను.

పిదప సికింద్రాబాదుకు చేరువనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు 1957 వరకు ఉపాధ్యక్షులుగను, అటుపై 1962 వరకు బెంగుళూరు విజ్ఞానసంస్థకు డైరెక్టరుగను ఉండి, 1989లో పరమపదించిరి.

బహుమానము గురువుగారి పేర నిలిచినది. ఆ విద్యను తెలుగునాటికి తెచ్చి పంచిన పుణ్యము శిష్యునిది. గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు ఈ చరిత్రమును తెలిసికొందురు గాక.