ఓటో రోమ్ వేసిన విత్తనం

1876లో జర్మనీలో పుట్టిన ఓటో రోమ్, 1901లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో యాక్రిలిక్ ఆమ్లపు పాలిమర్ల మీద పరిశోధించి డాక్టరేటు పొందాడు. ఆ పరిశోధన అప్పట్లో కూడు పెట్టలేదు. 1907లో ఓటో హాస్‌తో కలిసి కంపెనీ పెట్టి, తోలు మెత్తబరచడానికి కుక్కపెంటకు బదులు ఎంజైములు అమ్మాడు. వ్యాపారం నిలదొక్కుకున్నాక పాత పని మళ్ళీ పట్టాడు. 1933లో గాజులాంటి ప్లెక్సిగ్లాస్ వచ్చింది. 1939లో ఆయన కన్నుమూశాడు. అదే ఏడు మొదలైన యుద్ధంలో ఆ ప్లెక్సిగ్లాస్ బాంబర్లకు అద్దమైంది!

అయినా ఆ జాతి రెజిన్లే నేడు మ్యూజియాల్లో మంచిపని చేస్తున్నాయి. పారలాయిడ్ బి-72ను ఎసిటోనులో కరిగించి పగిలిన పాతకుండలు అతికిస్తారు. కావాలంటే మళ్ళీ కరిగించి విడదీయొచ్చు.

32 ఏళ్ళకు చేతికొచ్చిన పంట ఇది. నా బి.యస్సీ. ఎప్పుడు పండుతుందని అడిగే మా నాన్నకీ కథ చెప్పాను. అన్నేళ్ళు కౌలు ఎవరు కడతార్రా అన్నాడు.