పురక్షేమమునకు పురజనులే కర్తలు: పాట్రిక్ గెడ్డెస్ ఆచార్యుల జీవితము

నగరమును నిర్మించువారెవరు అను ప్రశ్నకు మనము సాధారణముగా ఇంజనీర్లనియు, పురపాలక సంఘమనియు, ప్రభుత్వమనియు సమాధానము చెప్పుదుము. ఈ సమాధానములో సత్యము కొంత మాత్రమే కలదు. పటము గీయువాడు ఒకడు, పన్ను వసూలు చేయువాడు మరియొకడు. కాని ఏ మూల వాననీరు నిలుచునో, ఏ బావి నీరు వేసవిలో చెడునో, ఏ సందులో దీపము లేక స్త్రీలు రాత్రివేళ నడువ జంకుదురో, ఏ చెట్టునీడన వృద్ధులు ప్రొద్దుపుచ్చుదురో ఆ వాడలో కాపురముండువారికే ముందుగా తెలియును. ఆ తెలివిని లెక్కచేయని ప్రణాళిక ఎంత అందముగా గీయబడినను ప్రజలకు మేలు చేయజాలదు. ఈ విషయమును జీవితాంతము బోధించి, తాను ఆచరించి చూపిన మహనీయుడు పాట్రిక్ గెడ్డెస్ ఆచార్యులు. ఆయన స్కాట్లండు దేశీయులైనను తమ జీవితములో సుమారు పది సంవత్సరములలో అధికభాగము భారతదేశములోనే గడపిరి. తెలుగువారికి, కన్నడిగులకు సమానముగా ఆత్మీయమైన బళ్ళారి పట్టణమును గూర్చియు నివేదిక వ్రాసిరి. కావున ఆయన చరిత్ర మనము తెలిసికొనదగినది.

గెడ్డెస్ 1854వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన స్కాట్లండులోని బాలటర్ అను గ్రామమున జన్మించిరి. తండ్రి సైన్యములో ఉద్యోగి. బాలుడు పసివాడుగా నుండగనే కుటుంబము పెర్త్ పట్టణ సమీపమునకు తరలివచ్చినది. అచ్చట కొండవాలున వారికొక చిన్న ఇల్లు, తోట ఉండెను. తండ్రి వెంట తోటపని చేయుచు, కొండలెక్కి పట్టణమునంతను పైనుండి చూచుచు ఆ బాలుడు పెరిగెను. మొక్కను దాని నేలనుండి వేరుచేసి అర్థము చేసికొనలేమనియు, మనుష్యుని అతని ఊరినుండి వేరుచేసి అర్థము చేసికొనలేమనియు ఆయన తరువాతి కాలమున చేసిన బోధకు బీజము ఆ తోటలోనే పడినది.

యౌవనమున ఆయన లండను వెళ్ళి, సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త హక్స్లీ వద్ద శిష్యరికము చేసిరి. 1879లో పరిశోధనకై మెక్సికో వెళ్ళినపుడు కన్నులకు జబ్బు చేసి కొన్ని వారములు చీకటి గదిలో ఉండవలసి వచ్చినది. సూక్ష్మదర్శినితో పనిచేయు శాస్త్రజ్ఞునకు ఇంతకన్న గొప్ప విపత్తు వేరొకటి లేదు. అయినను ఆయన నిరాశ చెందలేదు. కిటికీ అద్దముల చట్రములను వేళ్ళతో తడవి చూచుచు, ఒక్కొక్క గడికి ఒక్కొక్క భావమును నిలిపి, విషయములను పరస్పరము ముడిపెట్టి ఆలోచించు పద్ధతి నొకదానిని కల్పించుకొనిరి. స్థలము, వృత్తి, జనము అను మూడింటిని ఒకేచోట పెట్టి చూచు ఆయన దృష్టి ఈ పద్ధతితోనే రూపుకట్టినది. చూపు తిరిగి వచ్చినను దీర్ఘకాలము సూక్ష్మదర్శిని ముందు కూర్చుండు శక్తి తగ్గినది. నాటినుండి ఆయన చూపు క్రమక్రమముగా మనుష్యుల నివాసములవైపు మళ్ళినది.

ఎడింబరో ఆ దేశపు రాజధాని. అచ్చటి పాత పట్టణమున ఎత్తైన పలు అంతస్తుల భవనములు ఒకదానినొకటి ఒరసికొని నిలిచియుండెను. ఒకప్పుడు ప్రభువులును, పండితులును వానిలోనే నివసించిరి. పదునెనిమిదవ శతాబ్దిలో కొత్త పట్టణము వెలసిన పిదప ధనికులందరు అచ్చటికి తరలిపోయిరి. పాత భవనములలో ఒక్కొక్క గదిలో ఒక్కొక్క పేద కుటుంబము చేరినది. నీరు లేదు, గాలి లేదు, మురుగు పోవు దారి లేదు. చూచినవారందరు ఆ వాడను కూల్చివేయుటయే మార్గమని తలచుచుండిరి.

1886లో గెడ్డెస్ ఆనా మోర్టన్ అను విదుషీమణిని వివాహమాడిరి. ఆ దంపతులు కొత్త పట్టణములోని సుఖములను విడిచి, పాత పట్టణమున జేమ్స్ కోర్టు అను పేదల వాడలో కాపురము పెట్టిరి. బంధుమిత్రులు ఆశ్చర్యపడిరి. దంపతులు మాత్రము ఉపన్యాసములిచ్చుటకు పూనుకొనలేదు. చీపురును, సున్నపు కుంచెను చేపట్టిరి. మొదట తమ గదులను, పిదప మెట్లను, ఆ పిదప ముంగిలిని శుభ్రపరచిరి. కిటికీలలో పూల తొట్లు అమర్చిరి. ఇరుగుపొరుగువారు మొదట వింతగా చూచిరి. తరువాత ఒక్కరొక్కరే వచ్చి చేయి కలిపిరి. ఎవరింటి ముంగిలిని వారు, అందరి ముంగిలిని అందరు బాగుచేసికొనవచ్చునన్న ధైర్యము ఆ వాడకు కలిగినది. పూర్తిగా శిథిలమైన ఒకటి రెండు కట్టడములను మాత్రము తొలగించి, మిగిలినవానిని బాగుచేయించి, ఖాళీ స్థలములను తోటలుగా మార్చు పని క్రమముగా సాగినది. 1887లో విద్యార్థుల కొరకు ఒక వసతిగృహము నేర్పరచి, దాని పాలనను విద్యార్థులకే అప్పగించిరి. తమ గృహమును తాము పాలించుకొనుట నేర్చినవాడే రేపు తన పట్టణమును పాలించుకొనగలడని ఆయన నమ్మకము.

1888లో డండీ నగర కళాశాలలో వృక్షశాస్త్రాచార్య పదవి లభించినది. సంవత్సరమున వేసవి నెలలలో మాత్రమే బోధించి, మిగిలిన కాలమును నగరముల సేవకు వినియోగించుకొను వీలు ఆ పదవిలో ఉండెను. 1892లో ఎడింబరో కోట సమీపముననున్న ఒక బురుజును ఆయన కొని, దానిని పౌరుల పాఠశాలగా మార్చిరి. సందర్శకులు తిన్నగా పై అంతస్తునకు పోయి, అచ్చటినుండి తమ నగరమును కన్నులార చూడవలెను. ఒక్కొక్క అంతస్తు దిగుచు వచ్చినకొలది తమ నగరమును గూర్చి, తమ దేశమును గూర్చి, ఐరోపా ఖండమును గూర్చి, కట్టకడపట ప్రపంచమును గూర్చి తెలిసికొందురు. లోకజ్ఞానము తన వీథినుండి ఆరంభము కావలెనను సూత్రమునకు ఆ కట్టడమే రూపము.

ఈ అనుభవములనుండి ఆయన రెండు సిద్ధాంతములను నెలకొల్పిరి. మొదటిది, ప్రణాళికకు ముందు పరిశీలన. వైద్యుడు నాడి చూడకయే మందు నీయడు గదా! అట్లే నగరమును బాగుచేయబూనినవాడు వీథివీథిని కాలినడకన తిరిగి, దాని చరిత్రను, వృత్తులను, జనుల అలవాట్లను తెలిసికొనవలెను. ఈ పరిశీలనలో పౌరులును పాలుపంచుకొనవలెను. రెండవది, మితమైన శస్త్రచికిత్స. చెడిన భాగమును మాత్రము తొలగించి, బ్రతుకగల దానినంతను బ్రతికించవలెను. వ్రేలికి పుండు లేచినదని చేతిని నరకుట చికిత్స కాదు.

నగర నిర్మాణమును గూర్చి పటములు, చిత్రములు సేకరించి ఆయన ఒక గొప్ప ప్రదర్శనశాలను సిద్ధపరచి పెక్కు నగరములలో చూపిరి. 1913లో బెల్జియము దేశపు ఘెంట్ నగరమున దానికి అత్యున్నత బహుమానము లభించినది. మద్రాసు గవర్నరు పెంట్లండ్ ప్రభువు ఆహ్వానముపై 1914లో ఆయన భారతదేశమునకు బయలుదేరిరి. ప్రదర్శన సామగ్రిని మోసికొని వచ్చుచున్న ఓడను జర్మనుల యుద్ధనౌక ఎమ్డెన్ సముద్రమున ముంచివేసినది. ఎన్నో ఏండ్ల కృషి ఒక్క దినమున జలగర్భమున కలిసిపోయినది. గెడ్డెస్ చలింపలేదు. స్వదేశమునందలి మిత్రులు మరల పటములను సేకరించి పంపిరి. 1915 ఆరంభమున మద్రాసులో ప్రదర్శన జరిగియే తీరినది.

ఆనాటి మన పట్టణముల స్థితిని ఇచ్చట తలచుకొనవలెను. 1896లో బొంబాయిలో ప్లేగు మహమ్మారి ప్రవేశించి దేశమునంతను భయపెట్టినది. ఆ భయములో పట్టణములను బాగుచేయుటకు ప్రత్యేక సంస్థలు వెలసినవి. ఇరుకు వాడల నడుమనుండి వెడల్పైన వీథులను తిన్నగా కొట్టివేయుట వాని ప్రధాన విధానము. పటముపై అది చక్కగా కనుపించును. కాని ఇల్లు కూలిన పేదవాడు ఎచ్చటికి పోవును? ప్రక్క సందులోనే మరియొక ఇంటిలో చేరును. ఒక వాడ ఇరుకు తగ్గి, ప్రక్క వాడ ఇరుకు రెట్టింపగును. రోగము తొలగదు, స్థలము మారును. గెడ్డెస్ ఈ విధానమును నిర్భయముగా ఖండించిరి.

ఆయన మద్రాసు రాజధానిలోని తంజావూరు, మధుర, బళ్ళారి మొదలైన పట్టణములను పరిశీలించి 1915లో నివేదికలు సమర్పించిరి. అప్పటికి బళ్ళారి మద్రాసు రాజధానిలోని జిల్లాకేంద్రము. 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడిన వేళ అది మైసూరు రాష్ట్రమున చేరినది, ఆ జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి. తంజావూరులో అధికారులు తలపెట్టిన కొత్త వీథులకు బదులుగా, ఉన్న సందులనే అక్కడక్కడ కొంత విశాలపరచి, పాడుబడిన కొలది ఇండ్లను మాత్రము తొలగించి, ఆ ఖాళీలలో చెట్లు నాటినచో చాల తక్కువ వ్యయముతో ప్రతి ఇంటికి గాలి వెలుతురు లభించునని ఆయన చూపిరి. దోమల భయముతో చెరువులను, కోనేళ్ళను పూడ్చివేయ తలపెట్టిన వారితో వాదించి, చేపలను బాతులను పెంచినచో దోమ పిల్లలు నశించుననియు, నీటి చల్లదనము ఊరికి దక్కుననియు చెప్పిరి. మన అరుగులను, వాకిటి చెట్లను, వీథి గుడులను ఆయన అడ్డంకులుగా భావింపలేదు. ఊరి జీవమునకు అవి ఆధారములని గ్రహించిరి.

1917వ సంవత్సరము ఆయనకు దారుణమైనది. ఏప్రిల్ నెలలో పెద్దకుమారుడు అలస్టేర్ ఫ్రాన్సు రణరంగమున మరణించెను. అప్పటికే భార్య భారతదేశమున తీవ్రజ్వరముతో మంచము పట్టియుండెను. ఆ తల్లికి పుత్రమరణవార్త చెప్పలేక ఆయన తమలోనే దిగమ్రింగుకొనిరి. జూన్ నెలలో ఆమెయు గతించినది. ముప్పది సంవత్సరములు తనతో సమానముగా చీపురు పట్టిన సహధర్మచారిణిని కోల్పోయి, ఆయన మరల పనిలోనే ఊరట వెదకికొనిరి.

ఆ సంవత్సరమే ఇందూరు సంస్థానమున జరిగిన సంఘటన ఆయన జీవితమునకంతకు మకుటము వంటిది. ఆ నగరమున ప్లేగు ప్రబలియుండెను. అధికారియని తలచి జనులు మొదట ఆయనను చూచి భయపడిరి. ఇండ్లు కూల్చుటకే వచ్చినాడని అనుకొనిరి. అప్పుడాయన తుకోజీరావు హోల్కరు మహారాజును, మేయరును కలిసి, దీపావళి ఉత్సవమును నడుపు అధికారము ఒక్కదినమునకు తమకు ప్రసాదింపుమని కోరిరి. ఆ పిదప నగరమంతట చాటింపు వేయించిరి: ఉత్సవపు ఊరేగింపు ఈ మారు ఎప్పటి దారిన పోదు; ఏ వీథివారు తమ ఇండ్లను ఎక్కువగా శుభ్రపరచి, మరమ్మతు చేసికొందురో ఆ వీథిననే పోవును.

దానితో వీథివీథికి పోటీ పుట్టినది. చెత్తను ఉచితముగా తీసికొనిపోవు ఏర్పాటు చేయగా సుమారు 6,000 బండ్ల చెత్త ఇండ్లనుండి వెడలినది. ఎలుకలను పట్టిరి, గోడలకు వెల్లవేసిరి, అరుగులు బాగుచేసికొనిరి. ఆజ్ఞకు లొంగని జనులు గౌరవమునకు లొంగిరి. ఉత్సవదినమున పంటల శకటములు సాగినవి. ప్లేగునకు గుర్తుగా పెద్ద ఎలుక బొమ్మ, జ్వరమునకు గుర్తుగా పెద్ద దోమ బొమ్మ వెంట వచ్చినవి. వాని తరువాత నగరపు వీథులూడ్చువారు తెల్లని వస్త్రములు ధరించి, పూలు అలంకరించుకొని తలలెత్తి నడచిరి. అంతవరకు ఊరివారు ఓరగా తొలగించిన శ్రామికులను ఊరేగింపులో గౌరవస్థానమున నిలిపి, వారి నాయకునకు గెడ్డెస్ స్వయముగా పుష్పము సమర్పించిరి. కాయకపు విలువ నెరిగినవారికి ఆ దృశ్యము యొక్క అర్థము వివరింప నక్కరలేదు. చివరకు ఆ బొమ్మలను దహించిరి. తులసి మొక్కలను పంచిపెట్టిరి. తెగులు తగ్గుటకు ఋతువు మారుటయు ఒక కారణమే. అయినను జనుల భయము పోయి, తమ నగరము తమ చేతిలోనున్నదన్న విశ్వాసము కలిగినది. ఇందూరును గూర్చిన ఆయన బృహన్నివేదిక 1918లో రెండు సంపుటములుగా వెలువడినది.

ఆయన కృషియంతయు ఫలించినదని చెప్పరాదు. ఆయన నివేదికలు పెక్కు కచ్చేరీలలో అల్మారాలకే పరిమితమైనవి. ఆయన పద్ధతికి ఓర్పు కావలెను, సంచారము కావలెను, పేదవాని మాట వినగల మనస్సు కావలెను. ఇవి అధికార యంత్రమునకు సులభముగా అలవడునవి కావు. అయినను ఆయన నిరుత్సాహపడలేదు. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయమున సమాజశాస్త్ర, పౌరశాస్త్రముల ఆచార్యపదవిని స్వీకరించిరి. 1920లో జగదీశచంద్ర బోసు మహాశయుని జీవితచరిత్రను ప్రచురించిరి. రవీంద్రనాథ ఠాకూరునకు మిత్రులై విద్యావిషయముల చర్చించిరి. 1925లో టెల్ అవీవ్ నగరమునకు ప్రణాళిక రచించిరి. ఆరోగ్యము క్షీణింపగా భారతదేశమును వీడి, ఫ్రాన్సు దేశపు మాంపెలియే నగరమున 1924లో విద్యాలయమును స్థాపించిరి. 1932లో బ్రిటిషు ప్రభుత్వము సర్ బిరుదమునిచ్చినది. ఆ సంవత్సరమే ఏప్రిల్ 17వ తేదీన, డెబ్బదియేడవ ఏట, ఆయన అచ్చటనే పరమపదించిరి.

ఆయన గతించి తొంబది సంవత్సరములు దాటినది. నేడు చట్టము మనకు ఆనాడు లేని ద్వారములను తెరచియున్నది. 1992లో ఆమోదింపబడి 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము, 3 లక్షలు లేక అంతకు మించిన జనాభాగల పురపాలక ప్రాంతములలో వార్డు కమిటీలు ఏర్పరుపవలెనని విధించినది. పట్టణాభివృద్ధి ప్రణాళిక ముసాయిదాను ప్రకటించి ప్రజల అభ్యంతరములను, సూచనలను కోరుట చట్టములలో గల నియమమే. కాని ద్వారము తెరచియున్నంతమాత్రమున చాలదు. లోనికి నడచువారు కావలెను. ముసాయిదా వెలువడిన దినములలో దానిని చూచువారు ఎందరు? తమ వీథి వెడల్పగునో, తమ చెరువు మాయమగునో, తమ ఇల్లు పోవునో తెలియకయే గడువు దాటనిచ్చి, యంత్రము వచ్చి వాకిట నిలిచిన దినమున విలపించువారే ఎక్కువ.

గెడ్డెస్ చరిత్ర మనకు బోధించు కర్తవ్యము కష్టసాధ్యమైనది కాదు. వాడలోని పదిమంది కలిసి తమ వీథిని ఒకమారు చివరివరకు నడచి చూడవలెను. ఎచ్చట కాలువ పూడినదో, ఎచ్చట నీటికుళాయి లేదో, ఎవరి ఇల్లు శిథిలమైనదో వ్రాసికొనవలెను. ఆ పట్టికతో పురపాలక కార్యాలయమునకు పోవలెను. ఒకమారు కాకున్న పదిమార్లు పోవలెను. తమ చేతనగు పనిని మొదట తాము చేసి, తమ చేత కానిదానిని హక్కుగా అడుగవలెను. వీథి ఊడ్చువానిని పేరుపెట్టి గౌరవముతో పలుకరింపవలెను. ఇట్టి వాడలు నాలుగు ఏర్పడిననాడు నగరము తానే బాగుపడును. ఒక పరదేశీయుడు పేదల వాడలో చీపురు పట్టి ఆరంభించిన పనిని సొంత ఊరివారమైన మనము మన గడపనుండి ఆరంభింపలేమా?