స్పానిషు వ్యాకరణకర్త నెబ్రీహా

ఇంట బలుకు మాటకు వ్యాకరణ మేల యని యడుగువా రన్ని దేశములందును గలరు. ఆ ప్రశ్నకు తన జీవితముచే నుత్తర మొసంగిన యొక యుపాధ్యాయుని చరిత్రము నిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

అంతోనియో దె నెబ్రీహా 15వ శతాబ్ది నడుమ స్పెయిను దేశమున, సెవిల్ నగర సమీపమునందలి లెబ్రీహా యను నూర జన్మించెను. సాలమంకాలో జదివి, పిమ్మట ఇటలీలోని బొలోనాకు బోయి విద్య ముగించుకొని, తిరిగివచ్చి సాలమంకాలో నధ్యాపకు డయ్యెను. 1481లో నతడు ప్రకటించిన లాటిను పాఠ్యగ్రంథము మిగుల ప్రసిద్ధి కెక్కెను.

అంతటితో దృప్తి చెందక, సామాన్యజనులు పలుకు కాస్తీలియ భాషకు వ్యాకరణము వ్రాయబూనెను. నేడు స్పానిషు అనబడునది యదియే. ఇసబెల్లా రాణి యా ప్రయత్నమును జూచి, దీనివలన ప్రయోజన మేమని యడిగినట్లు అతడే వ్రాసియున్నాడు. ఐనను 1492లో గ్రంథము ముద్రితమై యామెకే యంకిత మయ్యెను. జయింపబడిన ప్రజలకు నీ భాష నేర్పుట కది యక్కఱకు వచ్చునని యతని తలంపు. ఆ తలంపును మేము మెచ్చజాలము. అతని చెవి సూక్ష్మతను మాత్రము మెచ్చక యుండలేము.

‘పాడుట’ యను క్రియనుండి పుట్టిన ‘కాంతో’ అను రూపమును జూడుడు. దానిని ‘కాన్–తో’ అని రెండు భాగములుగా విడదీయవలెను. ఊనిక మొదటి భాగముపై నున్న ‘నేను పాడుచున్నాను’ అనియు, తుదిభాగముపై నున్న ‘అతడు పాడెను’ అనియు నర్థము. ‘కాన్–తా–మోస్’ అనగా ‘పాడుచున్నాము’. ఇందు నడిమి భాగము నూది పలుకుదురు. క్రియలలో నూనిక సాధారణముగా తుదకు ముందరి భాగమున నిలుచుననియు, భూతకాలమున ‘నేను’, ‘అతడు’ అను కర్తలకు జెందిన రూపములలో తుదిభాగమునకు జరుగుననియు నెబ్రీహా సూత్రీకరించెను. తెలుగున నూనిక మాఱినంతమాత్రమున నర్థము మాఱదు గనుక, ఈ భేదము మన చెవికి వెంటనే పట్టదు.

అతని జీవితము కష్టములు లేక గడవలేదు. బైబిలు మూలపాఠమునుగూర్చి యతడు వ్రాసికొనిన టిప్పణములను మతవిచారణాధిపతి లాగికొనెను. 1513లో సాలమంకాయందు గోరిన యాచార్యపదవి మఱియొకరికి దక్కెను. అల్కలాలో సిస్నేరోస్ కార్డినల్ అతని నాదరించెను. అచటనే 1517లో వర్ణక్రమ నియమములను బ్రకటించి, 1522లో మరణించెను. అతని కాస్తీలియ వ్యాకరణము 18వ శతాబ్ది నడుమ వఱకు పునర్ముద్రణము నొందలేదు.

విద్యార్థులారా! అందఱును దినదినము పలుకుచు నెవ్వరును గమనింపని దానిని గమనించుటయే యీతని ఘనత. మీరును మీ నోటిమాటను ఒక్కమాఱు చెవియొగ్గి వినుడు.