ఖండాలు కదులుతాయని చెప్పిన వాన శాస్త్రజ్ఞుడు: ఆల్‌ఫ్రెడ్ వెగెనర్

బ్రతికి ఉన్నన్నాళ్లూ పరిహాసానికి గురై, కన్నుమూసిన తరువాత మెప్పు పొందిన శాస్త్రజ్ఞులు చరిత్రలో కొందరున్నారు. వారిలో ముఖ్యుడు జర్మన్ దేశస్థుడైన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్. ఆయన మన నెల్లూరు సీమను ఎన్నడూ చూసి ఎరుగడు. అయినా మన కాళ్లకింది నేలా, మన కయ్యల్లో పడే వానా రెండూ ఆయన తల బద్దలు కొట్టుకున్న విషయాలే. సేద్యం మీద బ్రతికే ఇంట్లో పుట్టి సైన్సు చదువుతున్న నాకు ఆయన జీవితం మీద మక్కువ కలగడానికి కారణం అదే.

వెగెనర్ 1880 నవంబరు 1న బెర్లిన్ నగరంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు, ప్రాచీన భాషలు బోధించే ఉపాధ్యాయుడు. కొడుకు ఖగోళశాస్త్రం చదివి 1905లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. కానీ చుక్కలు లెక్కపెడుతూ ఒకచోట కూర్చునే మనిషి కాదాయన. గాలీ మబ్బూ ఆయన మనసును లాగాయి. 1906లో అన్న కుర్ట్‌తో కలిసి బెలూన్ ఎక్కి, 52 గంటలకు పైగా ఆకాశంలోనే ఉండి అప్పటి ప్రపంచ రికార్డును దాటేశాడు. ఆ ఏడాదే డెన్మార్క్ వాళ్ల బృందంతో గ్రీన్‌లాండ్ మంచు ఎడారికి వెళ్లాడు. ఆ యాత్రలో నాయకుడితో సహా ముగ్గురు మంచులోనే ప్రాణాలు విడిచారు. అయినా జంకక 1912లో మళ్లీ వెళ్లాడు.

ఈ రెండు యాత్రల నడుమ మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, 1911లో వాతావరణం గురించి ఒక గ్రంథం వెలువరించాడు. వాన చుక్క ఎలా పుడుతుందన్న ప్రశ్నకు అందులో ఒక దారి చూపాడు. ఎత్తయిన మబ్బులో సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి తుంపరలుంటాయి. వాటి మధ్య ఒక మంచు స్ఫటికం ఏర్పడిందంటే తుంపరలు ఆవిరైపోయి, ఆ ఆవిరి స్ఫటికం మీద పేరుకుంటుంది. అది బరువెక్కి కిందికి జారి, దారిలో కరిగి చినుకవుతుంది. ఈ సిద్ధాంతాన్ని తరువాత బెర్గెరాన్, ఫిండైసెన్ అనేవారు పూర్తిచేశారు. అన్ని వానలూ ఇలాగే పుట్టవు. వెచ్చటి మబ్బుల్లో తుంపరలు ఒకదానితో ఒకటి ఢీకొని కలిసిపోయి కూడా చినుకులవుతాయి. అయితే ఉరుముల మబ్బుల తలలు మాత్రం గడ్డకట్టే చలిలోనే ఉంటాయి. అంటే ఉక్కపోతతో చెమటలు కారే రోజున మన పొలంలో పడే చినుకుల్లోనూ కొన్ని పైన మంచుగా మొదలైనవే! ఈ మాట చెప్తే మా నాయన ముందు నవ్వేశాడు. వడగండ్ల వాన సంగతి గుర్తు చేసేసరికి ఆలోచనలో పడ్డాడు.

ప్రపంచ పటంలో ఆఫ్రికా పడమటి అంచు, దక్షిణ అమెరికా తూర్పు అంచు చింపిన కాగితం ముక్కల్లా అతుకుతాయని వెగెనర్ గమనించాడు. ఆకారం ఒక్కటే చూసి ఊరుకోలేదు, సాక్ష్యాలు కూడబెట్టాడు. గ్లోసాప్టెరిస్ అనే మొక్క ఆకుల శిలాజాలు మన గోదావరి లోయ బొగ్గు పొరల్లో దొరుకుతాయి. అవే ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, ఆఖరికి అంటార్కిటికాలో కూడా దొరికాయి. ఎండలు మండే మన దేశంలో పూర్వపు హిమానీనదాల గుర్తులున్నాయి. ఇవన్నీ ఒకప్పుడు ఒకటే నేల అయితే తప్ప పొసగవు. ఆ దక్షిణ మహాఖండానికి పెట్టిన గోండ్వానా అన్న పేరు మన గోండుల సీమదే. 1912 జనవరి 6న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో రెండుసార్లు గాయపడి, 1915లో చిన్న పుస్తకంగా అచ్చు వేశాడు.

భూగర్భ శాస్త్రజ్ఞులు మండిపడ్డారు. వానల సంగతి చూసుకునేవాడికి రాళ్లతో ఏం పని అని ఎగతాళి చేసినవాళ్లున్నారు. 1926లో న్యూయార్క్ సభలోనూ ఎక్కువమంది ఎదురే తిరిగారు. న్యాయంగా చెప్పాలంటే వాళ్ల ఆక్షేపణల్లో ఒకటి గట్టిదే. ఖండాలను నెట్టే బలం ఏదన్న ప్రశ్నకు వెగెనర్ చూపిన కారణాలు చాలవు. ఆయన మాత్రం కోపగించుకోకుండా ప్రతి ముద్రణలోనూ కొత్త సాక్ష్యాలు చేరుస్తూ 1929లో నాలుగో ముద్రణ తెచ్చాడు.

1930లో మళ్లీ తానే నాయకుడై గ్రీన్‌లాండ్ వెళ్లాడు. తీరానికి 400 కిలోమీటర్ల లోపల, మంచు నడిబొడ్డున శీతకాలమంతా వాతావరణం కొలవడానికి ఇద్దరు సహచరులు ఆగారు. వాళ్లకు సరుకులు చాలవని తెలిసి, చలి ముదురుతున్నా ఆయన బయలుదేరాడు. వెంట వచ్చినవాళ్లలో చాలామంది దారిలోనే వెనుదిరిగారు. అక్టోబరు 30న చేరినవారు ముగ్గురే. ఒకడికి కాలివేళ్లు చచ్చుబడి అక్కడే ఉండిపోయాడు. ఉన్న తిండి అయిదుగురికి చాలదు కాబట్టి, తన యాభైయవ పుట్టినరోజైన నవంబరు 1న వెగెనర్, రాస్మస్ విల్లుమ్‌సెన్ అనే గ్రీన్‌లాండ్ యువకుడితో తిరుగు ప్రయాణం కట్టాడు. ఇద్దరూ తీరం చేరలేదు. 1931 మే నెలలో వెగెనర్ దేహం మంచులో దొరికింది. విల్లుమ్‌సెన్ దాన్ని శ్రద్ధగా పూడ్చి, గుర్తు నిలబెట్టి ముందుకు సాగాడు. దాదాపు నా ఈడువాడైన ఆ యువకుడి జాడ మాత్రం ఎవరికీ తెలియలేదు.

తరువాత మూడు దశాబ్దాలకు సముద్రగర్భాలను కొలిచారు. నడిసముద్రపు కొండల వరసల దగ్గర కొత్త నేల పుట్టి ఇరువైపులా జరుగుతోందని 1962లో హెస్ ప్రతిపాదించాడు. మరుసటి ఏడే వైన్, మాథ్యూస్ శిలల అయస్కాంత గుర్తులతో దానికి బలం చేకూర్చారు. భూమి పైపొర పెద్ద పలకలుగా ఉండి, ఆ పలకలు కదులుతాయని లోకం ఒప్పుకున్నది.

ఇప్పుడు మన తీరం సంగతి చూద్దాం. నెల్లూరు సీమలోని కండ్ర దగ్గరి శిలలు సుమారు 185 కోట్ల సంవత్సరాల నాటి సముద్రగర్భపు అవశేషమని శాస్త్రజ్ఞులు గుర్తించారు. మన తూర్పు తీరం ఒకప్పుడు అంటార్కిటికాను ఆనుకుని ఉండేది. దాదాపు 13 కోట్ల సంవత్సరాల కిందట రెండూ విడిపోగా, ఆ ఎడంలో పుట్టిందే మన సముద్రం. ఉత్తరానికి సాగిన మన పలక ఆసియాను ఢీకొని హిమాలయాలను లేపింది. ఇప్పటికీ ఏడాదికి అయిదు సెంటీమీటర్ల చొప్పున జరుగుతూనే ఉంది. అదే పలక సుమత్రా దగ్గర మరో పలక కిందికి దిగుతుంది. 2004 డిసెంబరు 26న అక్కడ నేల కదిలితే సునామీ వచ్చి మన రేవుల్లో ప్రాణాలు తీసింది.

ఆ సముద్రమే మనకు అన్నం పెడుతుంది కూడా. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఈశాన్యపు గాలి దాని మీది తేమను మోసుకొచ్చి మన చెరువులు నింపుతుంది. ఆ నీళ్లు కాలువల్లో, పెన్నలో పారి మళ్లీ సముద్రంలోనే కలుస్తాయి. వెగెనర్ జీవితమంతా వెదికిన రెండు ప్రశ్నలు, నేల ఎందుకు జరిగింది, వాన ఎలా పుట్టింది అన్నవి, మన మైపాడు ఒడ్డున ఒకటిగా కలుస్తాయి.

విద్యార్థి మిత్రులారా! నవ్వుల పాలైన ప్రతి ఊహా నిజం కాదు. నిజమని తేలాలంటే వెగెనర్‌లాగా సాక్ష్యం కూడబెట్టాలి. కానీ ఫిజిక్సు వాడికి జియాలజీ ఎందుకు, రైతు బిడ్డకు సిద్ధాంతాలెందుకు అని ఎవరైనా అడ్డు చెబితే, ఖగోళం చదివి, మబ్బులు కొలిచి, ఖండాల కథ విప్పి, సహచరుల తిండి కోసం మంచులో నడిచిన ఆ మనిషిని తలచుకుందాం. నేలకూ నీటికీ గోడలు లేవు, వాటి గురించి చదివే చదువుకు మాత్రం ఎందుకు?