విలియం లీవరు: సబ్బునకు పేరు పెట్టిన వర్తకుడు

వర్తకుని గిడ్డంగిలోని సరకును దొంగ యెత్తుకొనిపోయినచో విచారించుటకు న్యాయస్థానమున్నది. కాని యా సరకునకు జనులలో గలిగిన మంచిపేరును పొరుగువర్తకుడు అపహరించినచో నేమి చేయవలెను? పొలమునకు సరిహద్దురాయి యెట్టిదో సరకునకు ట్రేడుమార్కు అట్టిది. రాయి పాతనివాడు గట్టుతగాదాలలో నెంత వగచినను ప్రయోజనము స్వల్పము. ఈ సత్యమును కిరాణాదుకాణములో నేర్చుకొని, దానిపై మహావ్యాపారమును నిర్మించినవాడు విలియం లీవరు. ఆతని చరిత్రయందు మన వర్తకులు గ్రహింపవలసినదియు గలదు, వర్జింపవలసినదియు గలదు.

లీవరు 1851వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీని ఇంగ్లండులోని బోల్టను పట్టణమున జన్మించెను. తండ్రి జేమ్సు కిరాణావర్తకుడు. విలియము పదునారవయేట చదువు చాలించి తండ్రి దుకాణమున బ్రవేశించెను. ఆ కాలమున సబ్బు పొడవైన కడ్డీలుగా దుకాణమునకు వచ్చుచుండెడిది. అడిగినంత ముక్కను కోసి తూచియిచ్చుట యీ కుర్రవాని పనులలో నొకటి. ఆ ముక్కకు పేరు లేదు. దానిని జేసినవారెవరో కొన్నవారికి దెలియదు. నేడు మేలైన సబ్బు దొరికిన యిల్లాలికి రేపును అట్టిదే దొరకునను నమ్మకము లేదు.

యౌవనము గడచుసరికి లీవరు దుకాణమును మిక్కిలి వృద్ధిచేసి, పిమ్మట సబ్బునందే దృష్టి నిలిపెను. తొలుత నితరులచే జేయించి, శుద్ధమైన తేనెసబ్బని పేరిడి విక్రయించెను. గిరాకి కలిగినంతనే తక్కినవారును అట్టి పేర్లతోనే సబ్బులను దింపిరి. లీవరు వారిని అడ్డగింపజాలకపోయెను. శుద్ధమనుమాటయు, తేనెయనుమాటయు లోకులందరి సొత్తు. వానిని ఒక్కనికి గట్టబెట్టినచో తక్కినవారు తమ సరకు గుణమును చెప్పుకొనుటయెట్లు?

ఇంగ్లండున ట్రేడుమార్కులను రిజిస్టరుచేయు శాసనము 1875లో బుట్టెను. 1876 జనవరి 1వ తేదీని రిజిస్టరు తెరచినపుడు మొదట నెక్కినది బాస్ కంపెనీవారి బీరుసీసాపై ముద్రించు ఎర్రని త్రికోణము. వాడుకలో లేని క్రొత్తమాటలను గూడ మార్కులుగా నంగీకరించు శాసనము 1883లో నిర్మింపబడి, 1884 జనవరి మొదలుకొని యమలులోనికి వచ్చెను. ఆ సంవత్సరముననే లీవరు లివర్‌పూలులోని మార్కుల ఏజెంటు డబ్ల్యూ. పి. థాంప్సను నాశ్రయించెను. థాంప్సను కాగితముపై కొన్ని పేర్లు వ్రాసియిచ్చెను. మొదట నవి యేవియు లీవరునకు రుచింపలేదు. కొన్నిదినములు గడచిన పిదప వానిలోని యొకపేరు మనసునకు దట్టి, పరుగున బోయి దానిని రిజిస్టరు చేయించెను. అది సన్‌లైటు, అనగా సూర్యకాంతి. ఆ మాట సబ్బు గుణమును వర్ణించునది గాదు. కనుక సబ్బువర్తకులలో మరియొకనికి దాని యవసరము లేదు. కనుకనే యది యొక్కనిసొత్తు కాగలిగెను.

పేరు దక్కినంతమాత్రమున సరకు దక్కదు. ఇతరులు చేసియిచ్చు సబ్బు నమ్మదగినదిగా లేకపోగా, లీవరు 1885లో వారింగ్టనునందొక కర్మాగారమును కౌలునకు బుచ్చుకొని, కొబ్బరి మొదలైన నూనెలతో స్వయముగా సబ్బు చేయనారంభించెను. బిళ్ళలుగా గోసి, పేరచ్చొత్తి, కాగితము చుట్టి యమ్మెను. మొదట వారమున కిరువది టన్నులుగా నున్న యుత్పత్తి 1888 నాటికి 450 టన్నులకు బెరిగెను. ఆ యేడే మెర్సీనదీతీరమున క్రొత్త కర్మాగారమునకును, పనివారి గ్రామమునకును పునాది పడెను. దానికి పోర్ట్ సన్‌లైటని పేరు. సామాన్యముగా సరకునకు ఊరిపేరు వచ్చును. ఇచ్చట ఊరికే సరకుపేరు వచ్చినది!

1906లో లీవరు యశస్సునకు దెబ్బ తగిలెను. ముడిసరకు ధరలు హెచ్చగా, ఆతడు వెల దగ్గింపక బిళ్ళబరువును పదునారు ఔన్సులనుండి పదునైదునకు దించెను. అదే సమయమున సబ్బుకంపెనీలను ఏకముచేయ యత్నించెను. డెయిలీమెయిలు పత్రిక దీనిని గుత్తాధిపత్యమని ఘోషింపగా అమ్మకములు కృశించెను, ఏకీకరణయత్నము భగ్నమయ్యెను. లీవరు పరువునష్టపు దావా వేసి, 1907లో 50,000 పౌన్లు పరిహారముగా బడసెను. దావాయందాతడే గెలిచెను. కాని ముద్ర మారకున్నను బిళ్ళ తూకము మారినచో జనుల నమ్మకము చలించునన్న పాఠము మిగిలినది.

ఇంతకంటె ఘోరమైనది కాంగో కథ. తాటినూనెకొరకు 1911లో బెల్జియము ప్రభుత్వముతో నొడంబడిక చేసికొని, లీవరు అచ్చట విశాలమైన భూములలో కంపెనీని స్థాపించెను. స్వదేశపు పనివారికి తోటలతోడి యిండ్లు కట్టించినవాని కంపెనీకొరకు కాంగోప్రజలు నిర్బంధముగా శ్రమింపవలసివచ్చెను. సూర్యకాంతి యచ్చట ప్రసరింపలేదు. లీవర్‌హ్యూమ్ ప్రభువను బిరుదు వహించి, ఆతడు 1925 మే 7వ తేదీని మరణించెను. 1929లో డచ్చికంపెనీతో గలయికవలన యూనిలీవరు జనించెను.

ఈ కథతో మనకు సంబంధము లేకపోలేదు. 1888లోనే సన్‌లైటుపెట్టెలు కలకత్తా రేవున దిగినవి. అయిదేండ్లకు, 1893లో, కాశీనాథుని నాగేశ్వరరావుగారు బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. నాడు ఇంగ్లండునందలి వర్తకునకు మార్కుల రిజిస్టరు గలదు, భారతదేశమునందలి వర్తకునకు లేదు. దొంగముద్రలను శిక్షించు 1889 శాసనమున్నను, మార్కును రిజిస్టరు చేయుశాసనము 1940లోగాని రాలేదు, 1942లోగాని యమలుగాలేదు. పంతులుగారు 1938లోనే కీర్తిశేషులైరి.

నేడా కొరత లేదు. 1999 శాసనము ప్రకారము రిజిస్టరైన మార్కునకు పదేండ్ల రక్షణ గలదు, గడువు దీరినపుడెల్ల దానిని పునరుద్ధరించుకొనవచ్చును. అయినను మన యూళ్ళలో పచ్చళ్ళును, పొడులును, బట్టలును సిద్ధపరచువారు శుద్ధమనియో, శ్రేష్ఠమనియో, ఊరిపేరుతోనో సరకును దింపి, పొరుగువాడును అదే పేరు పెట్టినపుడు వగచుచున్నారు. గుణమునుగాని ఊరినిగాని దెలుపుపేరును సాధారణముగా శాసనము ఒక్కనికి గట్టబెట్టదు. సరకును దింపుటకు ముందే విలక్షణమైన పేరెన్నుకొని రిజిస్టరు చేయించుట కర్తవ్యము. పొరుగువానినుండి పేరును గాపాడుట శాసనముపని. తూకమునను, గుణమునను దానిని నిలుపుకొనుట వర్తకునిపని. లీవరు మొదటిదానిని చక్కగా నెరిగినవాడు. రెండవదానిని ఒక్క ఔన్సుచే నేర్చుకొనెను.