ఊరూరా గ్రంథాలయం.. అయ్యంకి ఆశయం
గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులకు బాట వేసిన తొలితరం కార్యకర్త

భిక్నూర్: గ్రంథాలయ శాస్త్రంలో పట్టా పుచ్చుకొని ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురుచూస్తున్న యువతీయువకులు నేడు పల్లెల్లోనూ కనిపిస్తున్నారు. బీఎల్‌ఐఎస్‌సీ, ఎంఎల్‌ఐఎస్‌సీ అన్న మాటలు తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం ఉన్న భిక్నూర్ వంటి చోట విద్యార్థులకు కొత్త కావు. అయితే ఈ చదువు మన విశ్వవిద్యాలయాల్లో అడుగుపెట్టక పూర్వమే, పుస్తకాన్ని పాఠకుని ముంగిటికి చేర్చడం ఒక వృత్తి అని, దానికి శిక్షణ అవసరమని గుర్తించి, జీవితమంతా అందుకే వెచ్చించిన తెలుగువాడు ఒకరున్నారు. ఆయనే గ్రంథాలయోద్యమ పితామహునిగా పేరొందిన అయ్యంకి వెంకటరమణయ్య. నేటి విద్యార్థులు రంగనాథన్ పంచసూత్రాలను కంఠస్థం చేస్తారు గాని, ఆ సూత్రాలకు ముందే తెలుగునేలను సిద్ధం చేసిన ఈ కార్యకర్త జీవితం వారిలో ఎందరికో తెలియదు.

వందేమాతరం నుంచి పత్రికా రంగానికి

వెంకటరమణయ్య 1890 జులై 24న గోదావరి సీమలోని కొంకుదురులో జన్మించారు. ఆయన యౌవనంలో అడుగుపెట్టేనాటికి దేశమంతటా వందేమాతరం ఉద్యమం ఉప్పొంగుతోంది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతంలో పర్యటించి చేసిన ప్రసంగాలు ఆ తరం విద్యార్థులను కదిలించాయి. ఎందరో చదువులు విడిచి దేశసేవకు నడుం కట్టారు. ఆ ప్రభావం వెంకటరమణయ్యపైనా పడింది. అయితే ఆయన ఎంచుకున్న మార్గం వేరు. స్వాతంత్ర్యం కావాలంటే ముందుగా ప్రజలకు చదువు, విషయ పరిజ్ఞానం కావాలని ఆయన భావించారు.

తొలుత పత్రికా రంగంలో కాలుమోపారు. మచిలీపట్నం నుంచి 1910లో వెలువడిన ఆంధ్రభారతి సచిత్ర మాసపత్రికను నడిపారు. గురజాడ అప్పారావు రచించిన దిద్దుబాటు కథ ఆ ఏడాది వెలుగు చూసింది ఈ పత్రికలోనే. ఆధునిక తెలుగు కథకు తొలి వేదికల్లో ఒకదాని వెనుక ఉన్న వ్యక్తే తరువాత గ్రంథాలయాలకు అంకితం కావడం గమనించదగిన విషయం. పత్రికను అచ్చు వేస్తే సరిపోదు, అది కొనలేని వానికీ అందాలి. ఆ అందించే చోటు గ్రంథాలయమే.

బెజవాడలో తొలి మహాసభ

అప్పటికే తెలుగునాట గ్రంథాలయాలు లేకపోలేదు. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం ఏర్పడ్డాయి. కోస్తా జిల్లాల్లోనూ పట్టణాలు, పెద్ద గ్రామాల్లో దాతల చేయూతతో పుస్తక భాండాగారాలు నడుస్తున్నాయి. లోపం ఎక్కడంటే, ఒకదానితో మరొకదానికి సంబంధం లేదు. ఒక ఊరి అనుభవం మరో ఊరికి చేరదు. స్థాపించిన పెద్దమనిషి కాలం చేస్తే బీరువాకు తాళం పడుతుంది. ఏ పుస్తకం ఎక్కడుందో తెలిపే జాబితా ఉండదు.

ఈ లోపాన్ని పూరించడానికి వెంకటరమణయ్య, ఆయన సహచరులు పూనుకున్నారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలోని రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభలోనే ఆవిర్భవించింది. గ్రంథాలయాల కోసం ఒక భాషా ప్రాంతమంతటికీ సంఘం ఏర్పడటం దేశంలో అదే మొదలని గ్రంథాలయ చరిత్రకారులు పేర్కొంటారు. రాజమహేంద్రవరానికి చెందిన నాళం కృష్ణారావు వంటివారు ఆయనకు తోడుగా నిలిచారు.

మరుసటి ఏడాది గ్రంథాలయ సర్వస్వము పత్రిక ప్రారంభమైంది. పుస్తకాలను వర్గీకరించడం ఎలా, పట్టిక రాయడం ఎలా, పాఠకులను రప్పించడం ఎలా అన్న విషయాలు తెలుగులో చర్చకు వచ్చింది దీని ద్వారానే. 1924లో ఆయన ఆంగ్లంలో ఇండియన్ లైబ్రరీ జర్నల్‌నూ వెలువరించి ఇతర ప్రాంతాల వారితో సంబంధం నెలకొల్పారు.

మద్రాసు సభ.. నేటి వారోత్సవాలకు మూలం

సంఘం కృషి తెలుగునాటితో ఆగలేదు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దీని నిర్వహణలో ఆంధ్ర సంఘం ముందు నిలిచింది. బరోడా సంస్థాన గ్రంథాలయాల అధికారి జె.ఎస్. కుడాల్కర్ అధ్యక్షత వహించారు. బరోడా నుంచి అధ్యక్షుని రప్పించడం వెనుక కారణం ఉంది. మహారాజా శాయాజీరావు గైక్వాడ్ అమెరికా నుంచి విలియం బోర్డెన్‌ను 1910లో పిలిపించి, ఊరూరా ఉచిత గ్రంథాలయాల వ్యవస్థను నెలకొల్పారు. దేశంలో తొలి గ్రంథాలయ శిక్షణ తరగతి 1911లో అక్కడే మొదలైంది. అక్కడ రాజు ఖజానాతో సాధించిన దానిని, ఇక్కడ ప్రజల చందాలతో సాధించాలన్నది ఆంధ్ర కార్యకర్తల సంకల్పం.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ రోజు నెహ్రూ జయంతి, బాలల దినోత్సవం కావడంతో వారోత్సవాలూ అందుకే మొదలవుతాయని చాలామంది అనుకుంటారు. గ్రంథాలయ రంగానికి మాత్రం ఆ తేదీ 1919 నాటి మద్రాసు మహాసభకు గుర్తు.

శిక్షణకు శ్రీకారం

వెంకటరమణయ్య కృషిలో నేటి విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది శిక్షణ తరగతుల సంగతి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1920లోనే బెజవాడలో కార్యకర్తలకు శిక్షణ ప్రారంభించింది. బరోడా తరువాత, 1915లో లాహోరులో పంజాబు విశ్వవిద్యాలయం చేపట్టిన కోర్సు తరువాత దేశంలో చెప్పుకోదగిన ప్రయత్నాల్లో ఇది ఒకటి. మొదటిది సంస్థానం నిర్వహించింది, రెండవది విశ్వవిద్యాలయం నిర్వహించింది. బెజవాడలో దానిని నిర్వహించింది చందాలతో నడిచే ఒక ప్రజాసంఘం.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకునిగా ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో నియమితులయ్యారు. మద్రాసు గ్రంథాలయ సంఘం 1928లో ఏర్పడి, మరుసటి ఏడాది వేసవి పాఠశాల ప్రారంభించింది. 1931లో దానిని విశ్వవిద్యాలయం స్వీకరించింది. రంగనాథన్ పంచసూత్రాల గ్రంథం వెలువడిందీ అదే ఏడాది. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయ శాస్త్రంలో కోర్సును ప్రవేశపెట్టింది. ఉద్యమం ముందు నడిచింది, శాస్త్రం వెనుక వచ్చి దానికి పద్ధతి కల్పించింది. రెండూ కలిసినప్పుడే గ్రంథపాలకుడు అనే ఉద్యోగం రూపుదిద్దుకుంది.

కాలువలో పడవ గ్రంథాలయం

సంఘం స్ఫూర్తితో ఊళ్లలో ఎందరో కార్యకర్తలు తయారయ్యారు. వారిలో పాతూరి నాగభూషణం ఒకరు. గుంటూరు జిల్లా పెదపాలెంలో సేవాశ్రమం స్థాపించిన ఆయన 1935 అక్టోబరులో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువపై పడవ గ్రంథాలయం నడిపించారు. పడవ ప్రయాణికులకు, గట్టు వెంట ఉన్న గ్రామస్థులకు పుస్తకాలు, పత్రికలు అందాయి. విజయవాడలో ఆయన పేరిట వెలసిన గ్రంథాలయ శాస్త్ర పాఠశాల తరువాతి కాలంలో ఎందరికో సర్టిఫికెట్ శిక్షణ ఇచ్చింది. ఉద్యమానికి దీర్ఘకాలం నాయకత్వం వహించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు వయోజన విద్యను గ్రంథాలయంతో జోడించారు.

తెలంగాణలో గ్రంథాలయం అంటే సాహసం

నిజాం పాలనలోని తెలంగాణలో పరిస్థితి భిన్నం. ఇక్కడ సభ జరపాలంటే ముందుగా అనుమతి పొందవలసిందే. గస్తీ నిషాన్ 53 పేరిట ఆంక్షలు అమలయ్యాయి. రాజకీయ సభలకు తావులేని ఆ రోజుల్లో తెలుగువారు ఒకచోట కలుసుకొనేందుకు గ్రంథాలయ సభలే ఆలంబనగా నిలిచాయి. 1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో గ్రంథాలయ మహాసభలు జరిగాయి. 1930లో మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ, 1937లో నిజామాబాదులో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆరవ మహాసభ జరిగాయి. వీటికి వెళ్లిన యువకుల్లో అనేకులు ఊరి పఠనాలయంలో అక్షరం నేర్చి, పత్రిక చదివి చైతన్యం పొందినవారే. ఆంధ్ర ప్రాంతంలో ఉద్యమానికి డబ్బు కొరత ఉంటే, ఇక్కడ దానికి తోడు పోలీసు నిఘా కూడా ఉండేది.

చట్టం వచ్చింది.. బాధ్యత మారింది

కార్యకర్తలు పట్టుబట్టి కోరింది గ్రంథాలయ చట్టం. చందా ఇచ్చే దాత ఏదో ఒకనాడు తప్పుకుంటాడు, చట్టబద్ధమైన పన్ను ఉంటే ఆదాయానికి లోటుండదన్నది వారి వాదన. 1948లో మద్రాసు రాష్ట్రంలో, 1955లో హైదరాబాదు రాష్ట్రంలో చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత రెండు ప్రాంతాలకూ వర్తించేలా 1960లో ఒకే చట్టం రూపొందింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు దాని ఫలితమే. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసి, ఆ సొమ్మును పంచాయతీలు, మున్సిపాలిటీలు జిల్లా సంస్థకు జమ చేయాలి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక నిజామాబాదు నుంచి వేరుపడి ఇక్కడా జిల్లా గ్రంథాలయ సంస్థ ఏర్పాటైంది.

చట్టంతో మేలు జరిగింది, ఒక నష్టమూ వాటిల్లింది. గ్రంథాలయం సర్కారుదన్న భావన పెరిగి, ఊరి జనం దానిని తమదిగా చూసుకోవడం తగ్గింది. వసూలైన పన్ను సకాలంలో జమ కాకపోతే పుస్తకాలు కొనడం ఆగిపోతుంది. ఖాళీ అయిన కొలువు నిండకపోతే శాఖా గ్రంథాలయం దినపత్రికలు చదివే గదిగా మిగిలిపోతుంది. శిక్షణ పొందిన వ్యక్తి లేని గ్రంథాలయం ఎంతోకాలం నిలవదని 1920లోనే సంఘం గ్రహించింది. పట్టభద్రులు పెరిగిన ఈనాడు ఆ సత్యం మరింత స్పష్టం.

ఆలస్యంగా అందిన గౌరవం

వెంకటరమణయ్య ఒక్క గ్రంథాలయాలకే పరిమితం కాలేదు. ప్రకృతి చికిత్స ప్రచారానికీ శ్రమించారు. శరీరానికి మందులేని ఆరోగ్యం, మనసుకు రుసుము లేని చదువు అన్నవి ఆయనకు ఒకే నాణేనికి రెండు ముఖాలు. 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. అప్పటికి ఆయన వయసు 80 దాటింది. యునెస్కో అంతర్జాతీయ పుస్తక సంవత్సరంగా ప్రకటించినది ఆ ఏడాదినే. రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ కలకత్తాలో నెలకొన్నదీ అప్పుడే. 1914లో ఉద్యమం పురుడు పోసుకున్న బెజవాడ గ్రంథాలయమూ ఆ మహనీయుని పేరు పెట్టుకున్నదే. 1979 మార్చి 7న వెంకటరమణయ్య కన్నుమూశారు.

నేటి విద్యార్థికి దారులు

ఆయన కాలంలో గ్రంథాలయ కార్యకర్తకు జీతం అరుదు. నేడు మార్గాలు పలు విధాలు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1959లోనే గ్రంథాలయ శాస్త్ర శాఖ ఏర్పడింది. ఊరు విడిచి వెళ్లలేని వారికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఈ కోర్సులను అందిస్తోంది. పీజీ పూర్తిచేసినవారు యూజీసీ నెట్‌లో ఈ సబ్జెక్టును ఎంచుకోవచ్చు. పరిశోధనపై ఆసక్తి ఉంటే, బెంగళూరులో రంగనాథన్ 1962లో నెలకొల్పిన డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రం ఉంది. కళాశాలలు, గురుకులాలు, పరిశోధన సంస్థల్లో గ్రంథపాలకుల అవసరం ఉంది. 1991లో ప్రారంభమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కంప్యూటర్‌తో అనుసంధానం చేయడంతో, వర్గీకరణతో పాటు సాంకేతిక పరిజ్ఞానమూ తప్పనిసరైంది. తాళపత్రాలు, పాత పత్రికలను డిజిటల్ రూపంలోకి మార్చే పనికి తెలుగు చదవగలిగిన గ్రంథాలయ పట్టభద్రులే కావాలి.

ఏడాదిలో మూడు సందర్భాలను విద్యార్థులు గుర్తుంచుకోవడం మేలు. జులై 24 అయ్యంకి జయంతి, ఆగస్టు 12 రంగనాథన్ జయంతి, నవంబరు 14 నుంచి వారోత్సవాలు. ఆ రోజుల్లో చిత్రపటానికి పూలమాల వేసి ఊరుకోక, తమ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి ఒక బీరువాలోని పుస్తకాలకైనా పట్టిక రాసి ఇస్తే, నేర్చిన చదువుకు సార్థకత చేకూరుతుంది. జాబితా లేని బీరువా తాళం వేసిన బీరువాతో సమానం. ఆ తాళం తీయడానికే వెంకటరమణయ్య ఊరూరూ తిరిగారు.