కుదురులేని ఫిలిప్‌ను గీసిన డాక్టరు

మీ ఇంట్లో రాత్రి భోజనాల వేళ ఎలా ఉంటుంది? కంచం ముందు అయిదు నిమిషాలైనా కూర్చోకుండా, కుర్చీని వెనక్కీ ముందుకీ ఊపుతూ, నీళ్ల గ్లాసు ఒలకబోసే పిల్లాడుంటే ఆ పూట ఎలా గడుస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. నాన్న గద్దిస్తాడు. అమ్మ ఏమీ అనలేక ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తుంది. చివరికి ఎవరూ కడుపు నిండా తినరు.

దాదాపు 180 ఏళ్ల కిందట జర్మనీలో ఒక డాక్టరు సరిగ్గా ఇదే దృశ్యాన్ని బొమ్మలుగా గీశారు. అందులో పిల్లాడి పేరు ఫిలిప్. ఒకచోట కుదురుగా ఉండలేని పిల్లల్ని జర్మన్లు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. మనం ఏడీహెచ్‌డీ అంటున్న సమస్యకు అక్కడి వాడుక పేర్లలో అదొకటి. ఆ బొమ్మలు గీసిన హైన్‌రిష్ హాఫ్‌మన్ జీవితంలో, ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతులు చాలానే ఉన్నాయి.

నాన్నకు నచ్చని చదువు

హాఫ్‌మన్ 1809 జూన్ 13న ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టారు. పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. ఆర్కిటెక్టు అయిన తండ్రి ఆమె సోదరినే పెళ్లి చేసుకున్నారు. తండ్రి క్రమశిక్షణకు ప్రాణమిచ్చే మనిషి. కొడుకేమో ఊహల్లో తేలిపోయే రకం. సమయాన్ని ఒక పద్ధతిలో వాడుకోడనీ, మతిమరుపనీ, తనంతట తానుగా ఏ పనీ క్రమంగా చేసుకోలేడనీ ఆ తండ్రి కాగితం మీద రాసి మరీ మందలించారు.

మీకు ఈ ఫిర్యాదులు కొత్తగా అనిపిస్తున్నాయా? పేరెంట్స్ మీటింగుల్లో ఈనాటికీ వినిపించేవి ఇవే. అలాగని హాఫ్‌మన్‌కు ఏడీహెచ్‌డీ ఉందని ఇప్పుడు మనం తేల్చలేం. ఒక ఉత్తరం చూసి రోగ నిర్ధారణ చేయడం కుదరదు. కానీ చిన్నప్పుడు అన్ని మాటలు పడిన ఆ కుర్రాడే హైడెల్‌బర్గ్, హాలే నగరాల్లో వైద్యం చదివి, పారిస్‌లోనూ కొంతకాలం నేర్చుకుని సొంతూరికి డాక్టరుగా తిరిగొచ్చాడు.

ఏడ్చే పిల్లల ముందు పెన్సిలు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన పేదల వైద్యశాలలో పనిచేశారు. ఇళ్లకు వెళ్లి వైద్యం చేసేటప్పుడు పిల్లలతోనే చిక్కు. డాక్టరును చూడగానే ఏడుపు లంకించుకునేవారు. ఆ రోజుల్లో మాట వినకపోతే డాక్టరును పిలుస్తామని పెద్దలు బెదిరించేవారు మరి. హాఫ్‌మన్ గద్దించేవారు కాదు. జేబులోంచి కాగితం, పెన్సిలు తీసి ఏదో ఒక అల్లరి పిల్లాడి బొమ్మ గీస్తూ కథ అల్లేవారు. ఏడుపు ఆగేది. తర్వాత ఏమవుతుందా అని పిల్లలు కళ్లప్పగించి చూసేవారు. ఈలోగా ఆయన నాడి చూసేసేవారు.

1844లో క్రిస్మస్‌కు మూడేళ్ల కొడుకు కార్ల్ కోసం బొమ్మల పుస్తకం కొందామని దుకాణాలన్నీ తిరిగారు. దొరికినవన్నీ నీతిబోధలే. విసుగొచ్చి తెల్లకాగితాల నోటుపుస్తకం కొని ఇంటికి తెచ్చారు. తానే బొమ్మలు గీసి, పాటలు రాసి కొడుక్కి ఇచ్చారు. స్నేహితుల బలవంతం మీద 1845లో అది అచ్చయింది. తర్వాత స్ట్రూవెల్‌పీటర్ అనే పేరుతో ప్రపంచమంతా తిరిగింది. అమెరికా రచయిత మార్క్ ట్వైన్ కూడా దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చారు.

ఫిలిప్, హాన్స్... ఇద్దరూ మనవాళ్లే

తర్వాతి ముద్రణల్లో చేరిన వాడు ఫిలిప్. భోజనాల బల్ల దగ్గర ఇవాళైనా కుదురుగా కూర్చుంటాడా అని తండ్రి నిలదీస్తాడు. తల్లి మౌనంగా చూస్తుంటుంది. వాడు కుర్చీతో పాటు వెనక్కి ఒరిగి, పడిపోతూ బల్ల మీది గుడ్డను పట్టుకుంటాడు. పళ్లేలు, రొట్టెలు, సూపు అన్నీ నేలపాలు. అమ్మానాన్నా ఖాళీ బల్ల ముందు ఆకలితో మిగిలిపోతారు.

అదే పుస్తకంలో హాన్స్ అని ఇంకో పిల్లాడున్నాడు. వాడు అల్లరి చేయడు. బడికి వెళ్తూ ఆకాశంలో పక్షుల్ని, మబ్బుల్ని చూస్తుంటాడు. ఎదురొచ్చిన కుక్కను గుద్దుకుంటాడు. చివరికి నదిలో పడతాడు. మనుషులు బయటికి లాగుతారు గానీ పుస్తకాల సంచి కొట్టుకుపోతుంది.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడీహెచ్‌డీ రెండు ముఖాలూ కనిపిస్తాయి. ఒకటి ఫిలిప్‌లా అతి చురుకుదనం, ఆగలేకపోవడం. రెండోది హాన్స్‌లా ధ్యాస నిలవకపోవడం. కొందరిలో రెండూ ఉంటాయి. ఫిలిప్ అందరి కంటా పడతాడు. రోజుకో వాటర్ బాటిల్ పోగొట్టుకునే హాన్స్‌ను మాత్రం బద్ధకస్తుడని వదిలేస్తాం. ఆడపిల్లల్లో ఈ రెండో రకం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి వాళ్ల సమస్య చాలా ఆలస్యంగా బయటపడుతుంది.

జబ్బును జబ్బుగా చూసిన మనిషి

1851లో హాఫ్‌మన్ ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాల బాధ్యత తీసుకున్నారు. మానసిక రోగులు, మూర్ఛ రోగులు ఊరి నడుమ ఇరుకు భవనంలో ఉండేవారు. మనసు జబ్బంటే పాపమో, చెడు నడతో అనుకునే కాలమది. అది శరీరానికి వచ్చే జబ్బుల్లాంటిదేనని ఆయన నమ్మారు. యూరప్‌లోని ఆసుపత్రులు తిరిగి చూశారు. నగర ప్రజల్ని ఒప్పించి చందాలు పోగుచేశారు. 1864లో ఊరి బయట, తోటల మధ్య కొత్త వైద్యశాల తెరిపించారు. 1888 దాకా దాన్ని నడిపి, 1894 సెప్టెంబరు 20న 85వ ఏట కన్నుమూశారు.

పెద్దల విషయంలో ఇంత దూరం చూసిన డాక్టరు కూడా తన పుస్తకంలో ఫిలిప్‌ను అల్లరివాడిగానే గీశారు. ఆ కాలానికి తెలిసింది అంతే. ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 1902లో, లండన్‌లో పిల్లల వైద్యుడు జార్జ్ స్టిల్ ఇలాంటి 43 మంది పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చారు. వాళ్లలో కొందరికి తెలివితేటల్లో ఏ లోటూ లేదనీ, తమను తాము ఆపుకోలేకపోవడమే ఇబ్బందనీ గమనించారు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ 30 మంది పిల్లలకు ఒక మందు ఇస్తే, సగం మందికి దగ్గరగా చదువులో స్పష్టమైన మార్పు కనిపించింది. నేటి మందులకు దారి అక్కడ పడింది.

ఆ బల్ల దగ్గర మీరుంటే?

ముందుగా ఒక మాట. ఏడీహెచ్‌డీ మీ పెంపకం లోపం కాదు. మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా. వంశపారంపర్యం పాత్ర ఎక్కువ. అందుకే కొన్ని కుటుంబాల్లో తమ చిన్నతనమే పిల్లాడిలో కనిపిస్తోందని తండ్రో తల్లో గుర్తుపడతారు.

అల్లరి చేసే ప్రతి పిల్లాడికీ ఇది ఉన్నట్టు కాదు. లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి. కనీసం ఆరు నెలలుగా ఉండాలి. ఇంట్లోనూ బళ్లోనూ, అంటే కనీసం రెండు చోట్ల కనిపించాలి. చదువుకో, స్నేహాలకో అడ్డుపడుతుండాలి. దీనికి రక్తపరీక్ష, స్కానింగ్ లేవు. పిల్లల మానసిక వైద్యులు మీతో, టీచర్లతో మాట్లాడి నిర్ధారిస్తారు. చూపు, వినికిడి, నిద్ర సమస్యలు లేవని కూడా చూసుకోవాలి.

ఆరేళ్ల లోపు పిల్లలకు మొదటి చికిత్స మందు కాదు, తల్లిదండ్రులకు శిక్షణ. ఒకసారి ఒకే పని, చిన్న మాటల్లో చెప్పడం. దూరం నుంచి అరవకుండా దగ్గరికెళ్లి, కళ్లలోకి చూసి చెప్పడం. చేసిన వెంటనే మెచ్చుకోవడం. రోజు పనుల్ని బొమ్మల పట్టికగా గోడకు అంటించడం. మధ్యమధ్య లేచి తిరగనివ్వడం. తండ్రి రాసిచ్చిన మందలింపు కంటే, ఏడ్చే పిల్లల ముందు హాఫ్‌మన్ తీసిన పెన్సిలు దగ్గరగా ఉంటుంది దీనికి.

బడికి వెళ్లే పిల్లలకు శిక్షణతో పాటు అవసరమైతే మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సెటిన్ వంటి మందులు ఇస్తారు. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు కాబట్టి బరువు, ఎత్తు, బీపీ చూస్తుంటారు. మీ అంతట మీరు మొదలుపెట్టకండి, ఆపకండి. టీచరును మొదటి బెంచీ, చిన్న చిన్న హోంవర్కులు అడగండి.

టీనేజీకొచ్చేసరికి గంతులు తగ్గుతాయి గానీ లోపలి అశాంతి, వాయిదాలు, తొందరపాటు నిర్ణయాలు మిగులుతాయి. బైకు తాళాలిచ్చే ముందు ఇది గుర్తుంచుకోండి. ఏళ్ల తరబడి తిట్లు తిన్న పిల్లలు తాము ఎందుకూ పనికిరామని నమ్మేస్తారు. దిగులు కనిపిస్తే కౌన్సెలింగ్ ఇప్పించండి. చికిత్స గురించి వాళ్లతోనే మాట్లాడి, వాళ్ల మాటా వినండి.

మీ సంగతేమిటి మరి? అలసిపోతే వంతులేసుకోండి. బంధువుల వ్యాఖ్యలకు సంజాయిషీ ఇచ్చుకోనవసరం లేదు. ఎవరితో మాట్లాడాలో తోచకపోతే టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

ఫిలిప్ బల్ల దగ్గర ముగ్గురున్నారు. ఒకరు గద్దించారు, ఒకరు చూస్తూ ఉండిపోయారు, ఒకడు పడిపోయాడు. చేయి అందించిన వాళ్లు మాత్రం లేరు. ఈ రాత్రి మీ పిల్లాడి కుర్చీ ఊగుతుంటే, పడకముందే లేపి వంటింట్లోంచి పెరుగు గిన్నె తెమ్మనండి. వాడికి కదలడానికి ఒక పని దొరుకుతుంది. మీకూ ఒక ముద్ద ప్రశాంతంగా దిగుతుంది.